వారానికి రెండు బిళ్ళలు

పొద్దుటి అసెంబ్లీలో నిలబడ్డ చోటే కుప్పకూలిన తొమ్మిదో క్లాసు పిల్లని ఇద్దరు టీచర్లు మోసుకొచ్చి బడి నర్సు గదిలో పడుకోబెట్టారు. పుల్లలాంటి చేతులు, క్షణం ఊరుకోని నోరు. అందుకే బడంతా ఆ పిల్లని పిచ్చుక అంటుంది. నర్సమ్మ దాని వేలు గుచ్చి, రక్తపు చుక్కని చేతి మిషన్‌కి అందించి, తెర మీద వెలిగిన అంకె చూసి కొయ్యబారిపోయింది. పోయిన వారం మనం ఆవిడని అక్కడే వదిలేసి వచ్చాం.

ఆ అంకె ఆరు పాయింట్ ఎనిమిది.

రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాములు ఉండాలి. నాలుగు నెలల కిందట ఇదే పిల్లకి ఇదే మిషన్ ఎనిమిదిన్నర చూపించింది. అది కూడా తక్కువే. అందుకే అప్పట్నుంచి ప్రతి సోమవారం నర్సమ్మ తన చేత్తో ఐరన్ బిళ్ళ ఇస్తోంది. పిల్ల నోట్లో వేసుకునేది, నీళ్ళు తాగేది, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేది. పదహారు సోమవారాలు, రిజిస్టరులో పదహారు సంతకాలు. బిళ్ళ మింగుతున్న పిల్లకి రక్తం పెరగాలి గానీ తరగడమేమిటి?

నర్సమ్మ రెండో చేతి వేలు గుచ్చింది. ఆరు పాయింట్ ఏడు.

"మళ్ళీ గుచ్చితే ఇంకోటి తగ్గుతుందేమో సిస్టర్, ఇంక ఆపండి" అంది పిచ్చుక, కళ్ళు మూసుకునే.

నవ్వు రాలేదు నర్సమ్మకి. ఆ పిల్ల కింది రెప్పని బొటనవేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వందల రెప్పలు లాగి చూసిందో ఆవిడకే తెలియదు. చూసిన ప్రతిసారీ ఒకటే కోపం వస్తుంది. ఆ కోపాన్ని ఎవరి మీద దింపుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలిసి చావలేదు.

పెద్ద మేడం గదికి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దాన్నే బల్లమీద వెతుక్కుంటోంది. ఆరువందల మంది ఆడపిల్లలు, ఇరవై ముగ్గురు టీచర్లు, ఊడ్చడానికి ఇద్దరే మనుషులు ఉన్న బడి అది. ఆవిడా చెడ్డమనిషేం కాదు, అలిసిపోయిన మనిషి.

"సిస్టర్, రేపు పదకొండింటికి ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారు. సరిగ్గా ఇవాళే నాకీ కబురు చెప్పాలా?"

"పిల్ల ఇవాళే పడిందండీ మేడం."

"మిషన్ పాడైందేమో చూశారా?"

"నా వేలు గుచ్చుకుని చూశాను. పన్నెండున్నర చూపించింది. నా దగ్గర బాగుండే మిషన్ ఆ పిల్ల దగ్గరికెళ్ళగానే పాడవుతుందా?"

పెద్ద మేడం సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు తోసింది. రక్తం బాగా తగ్గిన పిల్ల ఉంటే నింపి పై ఆఫీసుకి పంపాల్సిన ఫారం. పేరు, వయసు, బరువు అన్నీ అయ్యాక చివర్లో ఒక ప్రశ్న: బిళ్ళలు క్రమంగా మింగుతున్నదా? దాని ఎదురుగా రెండు గళ్ళు. అవును, కాదు.

"అవును అని టిక్కు పెడితే, మరి రక్తం ఎందుకు తగ్గిందని నన్నడుగుతారు. కాదు అని పెడితే, పదహారు సంతకాలు ఎలా పెట్టారని మిమ్మల్నడుగుతారు. ఏది కొట్టమంటారో మీరే చెప్పండి."

"మూడో గడి లేదా?"

"లేదు."

ఇద్దరూ కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు, చూడగా చూడగా ఇంకో గడి మొలుస్తుందేమో అన్నట్టు. చివరికి నర్సమ్మే లేచింది.

"ఫారం సంగతి తర్వాత చూద్దామండీ. ముందు పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లోవాళ్ళ సంతకం లేకుండా చేర్చుకోరు. పొద్దుట్నుంచీ చేస్తుంటే ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. నేనే ఇంటికి తీసుకెళ్తాను."

"అవును, కాదులో ఒకటి తేల్చుకుని రండి" అంది పెద్ద మేడం వెనకనుంచి. నెత్తిమీది కళ్ళజోడు చేతికి తగిలినట్టుంది, "హమ్మయ్య" అని కూడా అంది.

బస్సు దిగి రెండు సందులు తిరిగాక ఒక టైర్ల షాపు, దాని పైన రెండు గదుల ఇల్లు. కింద గాలి కొట్టే మిషన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. పైకి పద్దెనిమిది ఇనప మెట్లు. ఆరో మెట్టు దగ్గర పిచ్చుక కమ్మీ పట్టుకుని ఆగింది. పదకొండో మెట్టు దగ్గర మళ్ళీ ఆగింది.

"నాకోసం కాదు సిస్టర్. మీకు ఆయాసం వస్తోందని ఆగాను."

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో."

"నోరు మూస్తే ఊపిరెలా పీలుస్తాను?"

నర్సమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుని మిగతా ఏడు మెట్లూ ఎక్కించింది. చెయ్యి పట్టుకుంటే చేతిలో ఏమీ ఉన్నట్టే లేదు.

తలుపు తీసింది పిల్ల నాయనమ్మ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మనవరాల్ని చూడగానే ఆ గొంతు సగానికి పడిపోయింది. పరుపు పరిచింది, దిండు సర్దింది, దుప్పటి కప్పింది. ఆ తర్వాతే నర్సమ్మకి కుర్చీ వేసింది.

"పొద్దున ఏం తిందండీ?"

"టీ తాగి వెళ్ళింది."

"టీతో పాటు ఏం తింది?"

"టీతో పాటు ఇంకో టీ తాగింది" అంది పరుపు మీంచి పిచ్చుక.

"మరి రాత్రి?"

"తినకేం, తింది. అన్నం తిని టీ తాగి పడుకుంది. ఎందుకమ్మా దొంగతనం చేసినట్టు అడుగుతున్నావు?"

నర్సమ్మ లోలోపల పళ్ళు కొరుక్కుంది. అన్నం తినగానే టీ తాగితే, తిన్న తిండిలో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి పట్టదు. ఈ మాట బడిలో ఎన్నిసార్లు చెప్పిందో. గోడ మీద బొమ్మ కూడా అతికించింది. ఆ బొమ్మ పక్కనే నిలబడి పిల్లలు టీ తాగుతుంటారు.

"గుడ్డు పెడతారా?"

"పెడతాను. మా వాడికి."

"పిల్లకి?"

"మా వాడు గిడ్డంగిలో మూటలు మోస్తాడు. రోజుకి రెండొందల మూటలు. వాడికి పెట్టకపోతే ఆ మూటలు నువ్వు మోస్తావా?" ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చి నర్సమ్మ ఒడిలో పెట్టినంత పని చేసింది. "చూసుకో. దాచిపెట్టుకు తింటున్నామనుకుంటున్నావేమో. ఈ ఇంట్లో ముందు మా వాడు తింటాడు. తర్వాత నేను రెండు మెతుకులు తింటాను. తర్వాత కోడలు, పిల్ల పంచుకుంటారు. నేనెవరికీ అన్యాయం చెయ్యలేదు. బరువు మోసేవాడికి బలం కావాలి."

"పిల్ల కూడా మోస్తోందండీ."

"అదేం మోస్తోంది?"

"రెండేళ్ళలో జానెడు పొడుగైంది. నెలనెలా ఒంట్లోంచి రక్తం పోతోంది. మూట మోసేవాడైనా సాయంత్రం దించి వస్తాడు. ఈ పిల్లకి దించే వేళ ఉందా? చారెడు మెతుకులతో, రెండు టీలతో ఒళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది చెప్పండి. రక్తంలోంచే తీసుకుంటుంది."

గొంతు పెరిగిందని నర్సమ్మకి తెలుస్తూనే ఉంది. తగ్గించుకోలేకపోయింది. పొద్దుట్నుంచి మింగుతున్న కోపమంతా ఆ ముసలావిడ మీద పడింది. పడాల్సింది ఆవిడ మీద కాదని తెలిసి కూడా ఆగలేదు.

నాయనమ్మ గిన్నె మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"నా చిన్నప్పట్నుంచీ గిన్నె అడుగున మిగిలిందే తిన్నాను తల్లీ" అంది చివరికి. "నేను బతికే ఉన్నాను గదా. ఆడవాళ్ళందరూ అలాగే బతికేస్తారనుకున్నాను. ఎదగడం కూడా ఒక బరువేనని ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు."

అంతలో ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాలుగు అడుగులు, ఆగడం. మూడు అడుగులు, ఆగడం.

పిచ్చుక గబుక్కున లేచి కూర్చుంది. "అమ్మ! ఈ టైములో ఎందుకొచ్చింది?"

వచ్చినావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. దవడ మాత్రం ఆడుతోంది, ఏదో నములుతోంది. కుట్టు ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని. ఆవిరి ముందు రోజుకి పది గంటలు నిలబడాలి. ఇవాళ మధ్యాహ్నం కళ్ళు తిరిగి ఇస్త్రీ పెట్టె అంచు మీద చెయ్యి వేసేసిందట. మణికట్టుకి తడిగుడ్డ చుట్టి, సూపర్‌వైజరు ఇంటికి పొమ్మన్నాడు.

కోడలి చెయ్యి చూసి నాయనమ్మ కంగారుపడింది. కోడలు మాత్రం నర్సమ్మ తెల్లకోటు చూసి, కాలిన చెయ్యి సంగతే మరిచిపోయి రెండు చేతులూ జోడించింది.

"సిస్టరమ్మా, మీరేనా! మిమ్మల్ని ఒక్కసారి చూసి దణ్ణం పెట్టుకుందామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. బడికి వద్దామంటే సెలవు దొరకదు."

"నాకెందుకమ్మా దణ్ణం?"

"ఈ రోజుల్లో పిల్లల సంగతే ఎవరికీ పట్టదు. మీరు తల్లుల్ని కూడా గుర్తుపెట్టుకుని పంపిస్తున్నారు. ప్రతి సోమవారం రెండు బిళ్ళలు. ఒక్క వారం కూడా తప్పలేదు."

కింద గాలి మిషన్ ఆగింది.

"ఏ బిళ్ళలు?" అంది నర్సమ్మ. జవాబు వినకముందే ఆవిడకి అర్థమైపోయింది.

"అవేనమ్మా, ఎర్రవి. రక్తం బిళ్ళలు. మా పిల్ల తెచ్చి ఇస్తుంది కదా, మీరు పంపారని. అరిగిపోయినట్టు ఉంటాయి, పై రంగు పోయి. పాత సరుకేమో అనుకున్నాను. ఏదైతేనేం, ఇచ్చారు, అదే చాలు."

నర్సమ్మ మెల్లగా పరుపు వైపు తిరిగింది. పిచ్చుక దుప్పటి అంచుని వేళ్ళకి చుట్టుకుంటోంది.

"ఎక్కడ దాచేదానివే? నాలుక కింద కూడా చూశానే నేను!"

"పై దవడకీ చెంపకీ మధ్య" అంది పిల్ల చాలా చిన్నగా. "పైన తియ్యగా ఉంటుందిగా. అది కరిగేలోపు బాత్రూంకి వెళ్ళి తీసేసి కాగితంలో చుట్టేదాన్ని."

తల్లి నమలడం ఆపింది. నోట్లో ఉన్నది అరచేతిలోకి ఉమ్మేసింది. పచ్చి బియ్యం, రక్తం తగ్గినవాళ్ళకి నోరూరే తిండి. కూతురి వంకా ఆ బియ్యం వంకా మార్చి మార్చి చూసింది.

"నువ్వు మింగాల్సినవా అవి? నీ నోట్లోంచి తీసి నాకు పెట్టావా?"

"నీకు ఆగడం లేదుగా అమ్మా. నెలకి పదిహేను రోజులు. రాత్రిళ్ళు లేచి బట్టలు ఉతుక్కుంటావు. నాకు తెలీదనుకున్నావా?"

"నేనేదో ఒకటి చూసుకునేదాన్ని కదే!"

"ఏం చూసుకున్నావు? ఆరోగ్య కేంద్రానికి వెళ్ళావు. ఏమన్నారో చెప్పు సిస్టర్‌కి."

నర్సమ్మ రెట్టించి అడిగాక తల్లి చెప్పింది. అక్కడ బిళ్ళలు కడుపుతో ఉన్నవాళ్ళకీ బడికెళ్ళే పిల్లలకీ మాత్రమే ఇస్తారట. 'మీరు రెంట్లో ఏదమ్మా?' అని అడిగిందట కిటికీ దగ్గర కూర్చున్నావిడ. "నేను రెంట్లోనూ లేనుగా" అంటూ ఇక్కడ నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. బయట కొందామంటే మందుల షాపువాడు చీటీ అడిగాడట. చీటీ కోసం పెద్దాసుపత్రిలో లైను కడితే ఒక రోజు పోతుంది. రోజు మానేస్తే మర్నాటికి ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడి ఉంటారు.

"వారానికి రెండు బిళ్ళలు, అవీ సగం కరిగినవి" అంది నర్సమ్మ. ఆపుకోలేక అనేసింది. "మీకు రోజూ వేసుకోవాలి. ముందు ఆ రక్తం పోవడం ఆపాలి. ఆ అరిగిపోయిన బిళ్ళలతో మీకు ఒరిగిందేమీ లేదు. ఈ పిల్లకి మాత్రం నాలుగు నెలలు పోయాయి."

అన్నాక నాలుక కరుచుకుంది. పిచ్చుక మొహం చూడలేకపోయింది. నాలుగు నెలలుగా తన నోట్లోంచి తీసి తల్లిని బతికిస్తున్నాననుకుంటున్న పిల్ల అది. దాన్ని అడగకుండానే లెక్క తేల్చి చెప్పేసింది తను. ఇదేనా నేర్చుకున్నది ఇన్నేళ్ళూ?

సంచీలోంచి మిషన్ తీసింది. తల్లి కాలని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది. అంత చల్లటి వేలి నుంచి చుక్క రాదు. గుచ్చింది, మొదటి చుక్క తుడిచేసింది, రెండోది పట్టింది. రక్తంలా లేదది, ఎర్ర సిరాలో నీళ్ళు కలిపినట్టుంది.

నాలుగు పాయింట్ తొమ్మిది.

"ఎంతుంది?" అన్నారు తల్లీ కూతుళ్ళు ఒకేసారి.

"ఇద్దరూ బయల్దేరండి. ఇప్పుడే."

"రేపు పనికి వెళ్ళాలమ్మా. ఆదివారం వస్తాను, ఒట్టు. పిల్లని తీసుకెళ్ళండి, సంతకం పెడతాను."

"ఆదివారం దాకా నువ్వు ఉంటే కదా!"

ఆ మాట అన్నది నర్సమ్మ కాదు, నాయనమ్మ. గోడకి తగిలించిన కోడలి చేతిసంచీ తీసి దాని భుజానికి తగిలించింది. రెండు జతల బట్టలు అందులో కుక్కింది. గట్టు మీద మూత పెట్టి ఉంచిన ఉడికిన గుడ్డు తీసి, వలిచి, రెండు ముక్కలు చేసి, ఒకటి కోడలి నోట్లో, ఒకటి మనవరాలి నోట్లో పెట్టింది. "మా వాడికి నేను చెప్పుకుంటాను. ఇవాళ్టికి వాడు టీ తాగి పడుకుంటాడు" అంది. ఎవరూ నవ్వలేదు. పిచ్చుక ఒక్కతే, నోటినిండా గుడ్డుతో, నవ్వినట్టు చేసింది.

అంబులెన్సు నంబరుకి మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పాటే వినిపించింది. నాలుగోసారి ఎత్తినావిడ, పేషెంటుకి స్పృహ ఉందా అని అడిగింది. ఉంది అంటే, అయితే గంట పడుతుందంది. స్పృహ ఉండడం కూడా తప్పయిపోయింది. నర్సమ్మ ఫోన్ పెట్టేసి మెట్ల మీదకొచ్చి కిందికి అరిచింది. టైర్ల షాపాయన తలెత్తి చూశాడు. సంగతి సగం వినగానే చేతులు తుడుచుకుని వ్యాను తాళాలు తీశాడు.

వ్యానులో వెనకాల సీట్లు లేవు, టైర్లే. రెండు టైర్ల మీద గోతం పరిచి తల్లిని కూర్చోబెట్టారు. నర్సమ్మ ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. పిచ్చుక ఎదురుగా ఇంకో టైరులో ఒదిగి కూర్చుంది. నాయనమ్మ మెట్ల మీదే ఉండిపోయింది, కొడుకు వస్తే చెప్పడానికి.

వ్యాను మలుపు తిరిగేసరికి తల్లి కళ్ళు మూతలు పడుతున్నాయి. నర్సమ్మ నాడి పట్టుకు చూసింది. పరిగెడుతోంది గానీ ఉంది. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండాలి. కానీ నర్సమ్మ బుర్రలో ఒకటే ప్రశ్న ఇందాకట్నుంచి ముల్లులా గుచ్చుతోంది. తను ప్రతి సోమవారం ఈ పిల్లకి ఇచ్చింది ఒక్క బిళ్ళ. తల్లికి అందినవి రెండు.

"ఏమే, రెండో బిళ్ళ ఎవరిది?"

పిచ్చుక బయటికి చూసింది.

"నిన్ను తిట్టడానికి కాదు. ఇంకో పిల్ల కూడా మింగడం లేదంటే ఆ పిల్లకీ ఇంతే అవుతుంది. నేను చూడాలి. ఎవరిది?"

"చెప్పనని ఒట్టేశాను సిస్టర్."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నువ్వు ఇవాళ పొద్దున ఎలా పడ్డావో చూశావుగా. ఆ పిల్ల ఏ మెట్ల మీదో పడితే?"

వ్యాను ఒక గుంటలో పడి లేచింది.

"లీడరుది" అంది.

తొమ్మిదో క్లాసు లీడరంటే ఎవరో బడిలో ఎవరికైనా తెలుసు. సోమవారం బిళ్ళల డబ్బా పట్టుకుని వరసంతా తిరిగేది లీడరే. అందరి నోళ్ళూ నర్సమ్మ తెరిపించి చూస్తుంది. డబ్బా పట్టుకున్న లీడరు నోరు మాత్రం ఎప్పుడూ తెరిపించలేదు, వేలూ గుచ్చలేదు. ఎందుకు గుచ్చుతుంది? అది తన సొంత కూతురు. తన చేత్తో వండి, తన చేత్తో డబ్బా కట్టి పంపే పిల్ల.

"చిట్టితల్లా?" అంది నర్సమ్మ.

"మా అమ్మ సంగతి చెప్పి ఏడ్చాను సిస్టర్ ఒకసారి. అప్పట్నుంచి తనది కూడా నాకే ఇచ్చేస్తోంది. వద్దన్నాను. తనకి అవి పడవంది. ఈ మధ్యయితే, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతాయంటోంది."

"ఖాళీ కడుపేమిటి? అది పొద్దున్నే తినే కదా వస్తుంది!"

పిచ్చుక తలెత్తి సూటిగా చూసింది. చెప్పేస్తేనే మంచిదేమో అనిపించినట్టుంది ఆ పిల్లకి.

"మీకు నిజంగా తెలీదా సిస్టర్? తను తినడం మానేసి నెల దాటింది. ఎవరో బోర్డు మీద డ్రమ్ము బొమ్మ వేసి, దానికి రెండు జడలు వేసి, లీడరు అని రాశారు. ఆ రోజు నుంచీ. పొద్దున మీరు పెట్టింది కవర్లో వేసుకుని బడికి తెచ్చి పారేస్తుంది. మధ్యాహ్నం మీరు కట్టిన డబ్బా..." ఆగింది. "అది నేనే తింటున్నాను. ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళ్ళాలంది. మీ కూర బాగుంటుంది."

నర్సమ్మకి ఆ వ్యాను, ఆ టైర్లు, తన భుజం మీద వాలిన మనిషి, అన్నీ ఒక్కక్షణం దూరంగా జరిగినట్టనిపించింది. గంట కిందట వేరే ఇంట్లో, వేరేవాళ్ళ గిన్నె ఒడి దాకా తెప్పించుకుని, పిల్లకేం పెడుతున్నారని నిలదీసింది తను.

వ్యాను ఆసుపత్రి గేటు ముందు ఆగింది. టైర్ల షాపాయన దిగి, స్ట్రెచర్ కోసం అరుస్తూ లోపలికి పరుగెత్తాడు. తల్లిని వదిలి కదలడానికి లేదు. నర్సమ్మ ఒక చేత్తో ఆవిణ్ణి పట్టుకునే, రెండో చేత్తో ఫోన్ తీసి ఇంటికి కలిపింది. బడి వదిలి గంటైంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఏమని అడగాలి? ఎక్కడ మొదలెట్టాలి?

ఐదుసార్లు మోగాక అవతల ఫోన్ ఎత్తారు.

"హలో అమ్మా" అంది కూతురు. రోజూ చెప్పే మాటే, అడగకముందే చెప్పేసింది, ఎక్కడా తడబడకుండా. "మొత్తం తినేశాను. డబ్బా కడిగి పెట్టేశాను."